‘మత్తు నర్సు’కు ఏడాదికి 1.9 కోట్ల జీతం నిజమేనా? ఏ చదువు చదవాలి, ఎన్నేళ్లు పడుతుంది?

ఇంటర్ బైపీసీ అయిపోయింది. నీట్‌లో అనుకున్న ర్యాంకు రాలేదు. ఇప్పుడేం చేయాలని ఇంట్లో చర్చ నడుస్తుంటే ఫోన్‌లో ఒక రీల్ కనిపిస్తుంది: ‘డాక్టర్ కాకుండానే అమెరికాలో ఏడాదికి రెండు కోట్లు. బీఎస్సీ అనస్థీషియాలో చేరండి’. కింద ఒక కన్సల్టెన్సీ ఫోన్ నంబరు.

ఇలాంటి ప్రకటనలో సగం నిజమే. అమెరికాలో నర్స్ అనస్థటిస్టులు అంత సంపాదిస్తున్న మాట వాస్తవం. అక్కడి కార్మిక గణాంకాల విభాగం 2024 మే నాటి లెక్కల ప్రకారం వారి మధ్యస్థ వార్షిక వేతనం 2,23,210 డాలర్లు. డాలరుకు 85 రూపాయల చొప్పున లెక్కేసినా సుమారు 1.9 కోట్లు.

తప్పంతా రెండో సగంలో ఉంది. మన దగ్గరి బీఎస్సీ అనస్థీషియా టెక్నాలజీ డిగ్రీతో ఆ ఉద్యోగం రాదు. ఆ దారి నర్సింగ్‌తోనే మొదలవుతుంది. ఇంటర్ తర్వాత ఒక్క కోర్సు తప్పుగా ఎంచుకుంటే నాలుగేళ్ల తర్వాత మళ్లీ మొదటి మెట్టు నుంచి ఎక్కాల్సి వస్తుంది.

ఇంతకీ నర్స్ అనస్థటిస్ట్ అంటే ఎవరు? ఏం చదవాలి? ఎన్నేళ్లు పడుతుంది? మన నర్సులకు ఆ అవకాశం ఎంతవరకు ఉంది?

మూడు పేర్లు, మూడు వేర్వేరు ఉద్యోగాలు

ఆపరేషన్ థియేటర్‌లో మత్తుకు సంబంధించిన పనిచేసే వాళ్లందరినీ మనం ‘అనస్థీషియా వాళ్లు’ అనేస్తాం. నిజానికి వీరు మూడు రకాలు.

అనస్థీషియాలజిస్ట్: మన వాడుకలో ‘మత్తు డాక్టర్’. ఎంబీబీఎస్ తర్వాత ఎండీ, డీఎన్‌బీ లేదా డిప్లొమాతో ఈ విభాగంలో స్పెషలైజేషన్ చేసిన వైద్యులు.

నర్స్ అనస్థటిస్ట్: ముందుగా రిజిస్టర్డ్ నర్సు. ఆ తర్వాత ఐసీయూలో పనిచేసి, అనస్థీషియాలో ప్రత్యేక ఉన్నత విద్య పూర్తిచేసి, స్వయంగా మత్తు ఇచ్చే లైసెన్సు పొందినవారు. అమెరికాలో వీరిని సీఆర్‌ఎన్‌ఏ అంటారు. మన దేశంలో ఈ హోదాకు ప్రత్యేక లైసెన్సు లేదు.

అనస్థీషియా టెక్నాలజిస్ట్ లేదా టెక్నీషియన్: అనస్థీషియా యంత్రాన్ని, మానిటర్లను, గొట్టాలను, మందులను సిద్ధం చేసి, ఆపరేషన్ జరిగినంతసేపూ మత్తు డాక్టర్‌కు సహాయపడేవారు. బీఎస్సీ అనస్థీషియా టెక్నాలజీ, పారా మెడికల్ డిప్లొమా చేసినవారు ఈ కోవలోకి వస్తారు. వీరు నర్సులు కారు. నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్టర్ కాలేరు.

రీల్స్‌లో రెండో ఉద్యోగం జీతం చూపించి, మూడో ఉద్యోగం కోర్సులో చేర్పిస్తున్నారు. గందరగోళానికి మూలం ఇదే.

నర్స్ అనస్థటిస్ట్ ఏం చేస్తారు?

ఆపరేషన్‌కు ముందే వీరి పని మొదలవుతుంది. రోగి చివరిసారి ఎప్పుడు తిన్నారు, ఏ మందులు పడవు, గుండె జబ్బు లేదా ఉబ్బసం ఉన్నాయా, ఇంతకుముందు మత్తు ఇచ్చినప్పుడు ఏమైనా ఇబ్బంది వచ్చిందా అని అడిగి తెలుసుకుంటారు. నోరు తెరిపించి చూస్తారు. కదిలే పళ్లున్నాయేమో గమనిస్తారు. శ్వాసనాళంలోకి గొట్టం వేయడం తేలికా, కష్టమా అన్నది అక్కడే అంచనా వేస్తారు.

థియేటర్‌లోకి వెళ్లాక యంత్రాన్ని పరీక్షించుకుని, నరంలోకి మందు ఇచ్చి నిద్రపుచ్చుతారు. అవసరమైతే కండరాలను సడలించే మందు ఇచ్చి గొట్టం వేస్తారు. అప్పటినుంచి రోగి శ్వాస వారి చేతుల్లోనే ఉంటుంది. బీపీ, గుండె లయ, రక్తంలో ఆక్సిజన్, వదిలే గాలిలో కార్బన్ డయాక్సైడ్... వీటిని నిమిష నిమిషానికీ చూస్తూ మందు మోతాదు పెంచుతూ, తగ్గిస్తూ ఉంటారు. చివరికి రోగిని మేల్కొలిపి, రికవరీ గదిలోని నర్సుకు అప్పగిస్తారు.

వెన్నులో ఇచ్చే స్పైనల్, ప్రసవ నొప్పుల్లో ఇచ్చే ఎపిడ్యూరల్, కొలనోస్కోపీ వంటి పరీక్షలకు ఇచ్చే తేలికపాటి మత్తు కూడా వీరి పరిధిలోనివే.

ఎక్కువ ఆపరేషన్లు సాఫీగానే సాగిపోతాయి. కానీ గొట్టం పడకపోయినా, బీపీ ఒక్కసారిగా పడిపోయినా నిర్ణయం తీసుకోవడానికి ఉండేది కొద్ది నిమిషాలే. ఇంత పెద్ద జీతం ఆ బాధ్యతకే.

అమెరికాలో ఈ పని నర్సులకు ఎలా వచ్చింది?

19వ శతాబ్దం చివర్లో ఈథర్, క్లోరోఫామ్ వాడకం పెరిగింది. మత్తు ఇవ్వడాన్ని అప్పట్లో చాలామంది డాక్టర్లు చిన్న పనిగా చూసేవారు. కూర్చున్నంతసేపూ రోగిని మాత్రమే గమనించే మనిషి కావాలని సర్జన్లు కోరుకున్నారు. ఆ పని నర్సులకు నేర్పించారు.

మిన్నెసోటా రాష్ట్రం రాచెస్టర్‌లో మేయో సోదరులతో పనిచేసిన అలిస్ మగావ్ అనే నర్సు 1906లో ఒక వ్యాసం ప్రచురించారు. 14 వేలకు పైగా కేసుల్లో మత్తు ఇచ్చామనీ, అనస్థీషియా కారణంగా ఒక్క మరణమూ సంభవించలేదనీ అందులో నమోదు చేశారు. 1931లో అగాథా హాడ్జిన్స్ చొరవతో నర్స్ అనస్థటిస్టుల జాతీయ సంఘం ఏర్పడింది.

డాక్టర్ల వైపు నుంచి అభ్యంతరాలు వచ్చాయి. మత్తు ఇవ్వడం వైద్యవృత్తి కిందకు వస్తుందనీ, నర్సు ఆ పని చేయడం చట్టవిరుద్ధమనీ కాలిఫోర్నియాలో డాగ్మార్ నెల్సన్ అనే నర్సు మీద దావా వేశారు. సర్జన్ ఆధ్వర్యంలో నర్సు మత్తు ఇవ్వడం చట్టబద్ధమేనని 1936లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు తేల్చింది. సీఆర్‌ఎన్‌ఏ అనే హోదా 1956లో మొదలైంది.

2001లో అక్కడి కేంద్ర ప్రభుత్వం మరో వెసులుబాటు ఇచ్చింది. మెడికేర్ నిబంధనల ప్రకారం నర్స్ అనస్థటిస్ట్‌పై డాక్టర్ పర్యవేక్షణ ఉండాలి. వద్దనుకున్న రాష్ట్రాలు ఆ నిబంధన నుంచి తప్పుకోవచ్చని చెప్పింది. ముందుగా అయోవా తప్పుకుంది. ఇప్పటికి 20కి పైగా రాష్ట్రాలు ఆ బాటలో నడిచాయి. గ్రామీణ ప్రాంతాల్లోని చాలా చిన్న ఆసుపత్రుల్లో మత్తు ఇవ్వడానికి నర్స్ అనస్థటిస్ట్ తప్ప మరొకరు ఉండరు.

అంటే ఈ ఉద్యోగం వెనుక వందేళ్లకు పైబడిన చరిత్ర, ప్రత్యేక చట్టాలు ఉన్నాయి. ఒక డిగ్రీ చేతిలో ఉన్నంత మాత్రాన మరో దేశంలో ఇదే పని చేయలేకపోవడానికి కారణం అదే.

చదువు మెట్లు ఏమిటి?

మొదటి మెట్టు: బీఎస్సీ నర్సింగ్. నాలుగేళ్లు. మన దగ్గర ఇంటర్‌లో ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ, ఇంగ్లిష్ చదివి ఉండాలి. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం జనరల్ అభ్యర్థులకు కనీసం 45 శాతం మార్కులు కావాలి. తెలంగాణలో వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం, ఆంధ్రప్రదేశ్‌లో విజయవాడలోని డాక్టర్ ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం పరిధిలో ఈ కాలేజీలు నడుస్తున్నాయి. జీఎన్‌ఎం చేసినవారు పోస్ట్ బేసిక్ బీఎస్సీ పూర్తిచేసి డిగ్రీ తెచ్చుకోవచ్చు.

రెండో మెట్టు: అమెరికా ఆర్‌ఎన్ లైసెన్సు. దీనికి ఎన్‌క్లెక్స్-ఆర్‌ఎన్ పరీక్ష పాసవ్వాలి. అభ్యర్థి ఇచ్చే సమాధానాలను బట్టి కంప్యూటర్ తర్వాతి ప్రశ్నను ఎంచుకుంటుంది. కనీసం 85, గరిష్ఠంగా 150 ప్రశ్నలు. సమయం 5 గంటలు. మన దేశంలోని కేంద్రాల్లోనే రాయవచ్చు. అంతకుముందే ఏదో ఒక అమెరికా రాష్ట్రపు నర్సింగ్ బోర్డుకు దరఖాస్తు చేసి, మన సర్టిఫికెట్లను మదింపు చేయించుకోవాలి.

మూడో మెట్టు: ఐసీయూ అనుభవం. కనీసం ఏడాది పాటు క్రిటికల్ కేర్‌లో పూర్తికాలం పనిచేసి ఉండాలి. ఇది నిబంధన మాత్రమే. పోటీ ఎక్కువ కాబట్టి చాలామంది రెండు మూడేళ్ల అనుభవంతో దరఖాస్తు చేస్తుంటారు. వెంటిలేటర్ మీదున్న రోగులను, బీపీ నిలబెట్టే మందుల ధారలను సొంతంగా చూసుకున్న అనుభవానికే విలువ.

నాలుగో మెట్టు: డాక్టరేట్. ఒకప్పుడు మాస్టర్స్ డిగ్రీ సరిపోయేది. 2022 జనవరి 1 నుంచి కొత్తగా చేరే ప్రతి ఒక్కరూ డాక్టరేట్ ప్రోగ్రాంలోనే చేరాలి. కనీసం మూడేళ్లు పడుతుంది. శరీరధర్మ శాస్త్రం, మందుల శాస్త్రం, అనస్థీషియా సూత్రాలతో పాటు కనీసం 2,000 గంటల క్లినికల్ శిక్షణ, 600 కేసులు పూర్తి చేయాలి.

ఐదో మెట్టు: జాతీయ సర్టిఫికేషన్ పరీక్ష. ఇందులో 100 నుంచి 170 ప్రశ్నలు, 3 గంటల సమయం. పాసైతేనే సీఆర్‌ఎన్‌ఏ. ఆ తర్వాత కూడా చదువు ఆగదు. నాలుగేళ్లకోసారి సర్టిఫికేషన్ కొనసాగింపు నిబంధనలు పూర్తి చేయాలి.

అమెరికాలో పుట్టి పెరిగిన విద్యార్థికి కూడా ఇంటర్ స్థాయి తర్వాత ఇదంతా కనీసం ఎనిమిదేళ్ల ప్రయాణం: నాలుగేళ్ల డిగ్రీ, ఏడాది ఐసీయూ, మూడేళ్ల డాక్టరేట్. మధ్యలో దరఖాస్తులు, ఎదురుచూపులు కలిపితే తొమ్మిది, పదేళ్లు.

హైదరాబాద్ ఐసీయూలో చేసిన అనుభవం పనికొస్తుందా?

కన్సల్టెన్సీలు ఎక్కువగా చెప్పని విషయం ఇదే. అనస్థీషియా ప్రోగ్రాములకు గుర్తింపు ఇచ్చే మండలి నిబంధన ప్రకారం, ఆ ఏడాది ఐసీయూ అనుభవం అమెరికాలో, అమెరికా ఆధీనంలోని భూభాగాల్లో, లేదా విదేశాల్లోని అమెరికా సైనిక ఆసుపత్రుల్లో సంపాదించినదై ఉండాలి.

అంటే హైదరాబాద్‌లోనో, విశాఖలోనో, దుబాయ్‌లోనో పదేళ్లు ఐసీయూలో చేసినా ప్రవేశ అర్హత లెక్కలోకి రాదు. అక్కడికి వెళ్లాక మళ్లీ ఏడాది చేయాల్సిందే. అయితే మన అనుభవం వృథా అని కాదు. అమెరికా ఆసుపత్రి మిమ్మల్ని నేరుగా ఐసీయూలోకి తీసుకుంటుందా, సాధారణ వార్డుకు పంపుతుందా అన్నది ఆ అనుభవం మీదే ఆధారపడుతుంది. అది లేకుండా వెళ్లి, వార్డులో చేరి, ఐసీయూకు మారడానికే ఒకటి రెండేళ్లు పట్టినవారు ఉంటారు.

అసలు అడ్డంకి వీసా

పరీక్షలు పాసయ్యాక వచ్చే ప్రశ్న: అమెరికా వెళ్లేది ఎలా?

ఆసుపత్రి వార్డుల్లో పనిచేసే నర్సుల కొలువులకు హెచ్-1బీ సాధారణంగా రాదు. ఆ ఉద్యోగానికి బ్యాచిలర్ డిగ్రీ తప్పనిసరి కాదన్నది దానికి కారణం. అందుకే నర్సులు ఎక్కువగా ఈబీ-3 కేటగిరీలో గ్రీన్‌కార్డు మీదే వెళ్తారు. నర్సులకు ఇందులో ఒక సౌలభ్యం ఉంది. ‘స్థానికులు దొరకలేదు’ అని ఆసుపత్రి విడిగా నిరూపించుకోనవసరం లేదు. డిగ్రీ, లైసెన్సు, ఇంగ్లిష్ ప్రమాణాలను ధ్రువీకరించే వీసాస్క్రీన్ సర్టిఫికెట్ మాత్రం తప్పనిసరి.

కానీ గ్రీన్‌కార్డులకు దేశాలవారీ పరిమితి ఉంది. పుట్టిన దేశాన్ని బట్టి వరుస ఉంటుంది. భారత్‌లో పుట్టినవారి వరుస ఎంతో పొడవు. 2025లో వెలువడిన వీసా బులెటిన్లలో భారతీయుల ఈబీ-3 తేదీ ఎక్కువకాలం 2013 దగ్గరే ఉంది. అంటే అప్పుడు గ్రీన్‌కార్డు చేతికొచ్చినవారు దాదాపు 12 ఏళ్ల కిందట దరఖాస్తు చేసినవారు.

22 ఏళ్లకు బీఎస్సీ పూర్తిచేసి, 25 ఏళ్లకు దరఖాస్తు పెట్టిన అమ్మాయి పరిస్థితి ఆలోచించండి. వరుస ఇదే వేగంతో కదిలితే ఆమె అమెరికాలో అడుగుపెట్టేసరికి 37 ఏళ్లు. ఏడాది రెండేళ్లు ఐసీయూ, మూడేళ్ల డాక్టరేట్ కలిపితే సీఆర్‌ఎన్‌ఏ అయ్యేది 42 ఏళ్లకు. అసాధ్యం కాదు. కానీ ‘నాలుగేళ్లలో రెండు కోట్లు’ అన్న ప్రకటనకూ, ఈ లెక్కకూ పొంతన లేదు.

స్టూడెంట్ వీసాపై వెళ్లి అక్కడే నర్సింగ్ చదవడం ఇంకో దారి. అందులో ఫీజు భారం ఎక్కువ. చదువయ్యాక పనిచేయడానికి ఇచ్చే ఓపీటీ గడువు నర్సింగ్‌కు ఏడాదే. ఐటీ విద్యార్థులకు దొరికే అదనపు రెండేళ్లు దీనికి ఉండవు.

మరి ఎవరికి ఈ దారి దగ్గర?

అమెరికాలో ఇప్పటికే స్థిరపడిన తెలుగు కుటుంబాలకు.

అక్కడ పుట్టిన పిల్లలకు వీసా సమస్యే లేదు. గ్రీన్‌కార్డు ఉన్నవారికీ అంతే. హెచ్-4పై ఉన్న జీవిత భాగస్వాములు చదువుకోవచ్చు. భర్త లేదా భార్య గ్రీన్‌కార్డు దరఖాస్తులో ఐ-140 ఆమోదం పొందితే పని అనుమతి పత్రం తీసుకుని ఉద్యోగం కూడా చేయవచ్చు. అలా ఐసీయూ అనుభవం సంపాదించుకోవచ్చు. ఈ అనుమతుల నిబంధనలు మారుతుంటాయి కాబట్టి దరఖాస్తుకు ముందు ప్రస్తుత పరిస్థితి చూసుకోవాలి.

మరేదైనా డిగ్రీ ఉన్నవారికి ఏడాది, ఏడాదిన్నరలో ముగిసే వేగవంతమైన బీఎస్సీ నర్సింగ్ కోర్సులు అక్కడ ఉన్నాయి. మన దగ్గర ఫార్మసీ, బయోటెక్నాలజీ చదివి, అమెరికా వెళ్లాక ఏం చేయాలో తోచక ఇంట్లో ఉన్నవారు వీటిని పరిశీలించవచ్చు.

ఖర్చెంత? చేతికి వచ్చేదెంత?

డాక్టరేట్ ప్రోగ్రాం ఫీజు చాలా చోట్ల లక్ష డాలర్లు దాటుతుంది. దీనికి మూడేళ్ల జీవన వ్యయం అదనం. క్లినికల్ శిక్షణ మొదలయ్యాక ఉద్యోగం చేసే వీలుండదు. చాలా కళాశాలలు చేయవద్దనే చెబుతాయి. రిజిస్టర్డ్ నర్సుల మధ్యస్థ వార్షిక వేతనం 2024 మే నాటికి 93,600 డాలర్లు. అంటే చదివే మూడేళ్లలో వదులుకునే జీతమే రెండున్నర లక్షల డాలర్లకు పైన. ఖర్చులో దీన్నీ కలుపుకోవాలి.

రుణాల విషయంలోనూ మార్పు వచ్చింది. పైచదువులకు పూర్తి ఖర్చు మేరకు అప్పు ఇచ్చే ఫెడరల్ గ్రాడ్ ప్లస్ పథకాన్ని 2026 జులై 1 నుంచి కొత్తవారికి నిలిపివేస్తూ 2025లో చట్టం చేశారు. మిగిలిన ఫెడరల్ రుణాలకు పరిమితి ఉంది. అవి కూడా పౌరులకు, గ్రీన్‌కార్డు ఉన్నవారికే. హెచ్-4, స్టూడెంట్ వీసాలపై ఉన్నవారు ప్రైవేటు రుణాలనే నమ్ముకోవాలి.

అయినా పూర్తిచేసినవారికి జీతం నర్సు జీతానికి రెట్టింపు కన్నా ఎక్కువ. అందుకే అన్నేళ్లు ఓపిక పట్టేవారు ఉన్నారు.

ఆ తర్వాత ఎలాంటి ఉద్యోగాలు?

పెద్ద ఆసుపత్రుల్లో అనస్థీషియాలజిస్టులతో కలిసి బృందంగా పనిచేయడం ఎక్కువగా కనిపించేది. ఇక్కడ క్లిష్టమైన కేసులు వస్తాయి, రాత్రి డ్యూటీలు ఉంటాయి.

ఉదయం చేరి సాయంత్రానికి ఇంటికి పంపే డే-సర్జరీ కేంద్రాల్లో పనివేళలు నికరంగా ఉంటాయి. పిల్లలున్నవారు వీటిని ఇష్టపడతారు.

గ్రామీణ ఆసుపత్రుల్లో స్వేచ్ఛ, బాధ్యత రెండూ ఎక్కువ. రాత్రి రెండు గంటలకు సిజేరియన్ వచ్చినా వెళ్లాల్సింది ఒక్కరే.

కొన్ని వారాలు, నెలల కాంట్రాక్టుపై ఊరూరూ తిరిగి పనిచేసే ‘లోకమ్’ విధానం ఉంది. గంటల లెక్కన చెల్లిస్తారు. సైన్యంలో, మాజీ సైనికుల ఆసుపత్రుల్లో కొలువులుంటాయి. కొన్నేళ్ల తర్వాత బోధన, విభాగాధిపతి బాధ్యతల వైపు మళ్లేవారూ ఉన్నారు.

మన దేశంలో నర్సులు మత్తు ఇవ్వవచ్చా?

ఇక్కడ అది డాక్టర్ల పని. మత్తు డాక్టర్ల కొరత వచ్చినప్పుడు కూడా ప్రభుత్వం నర్సుల వైపు వెళ్లలేదు. గ్రామీణ ఆసుపత్రుల్లో అత్యవసర ప్రసవాల కోసం, జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ కింద ఎంబీబీఎస్ డాక్టర్లకే 18 వారాల ప్రాణరక్షక అనస్థీషియా శిక్షణ ఇచ్చింది.

అలాగని ఇక్కడ నర్సులకు ఎదిగే దారులు లేవని కాదు. అనస్థీషియాకు దగ్గరగా ఉండేది ‘నర్స్ ప్రాక్టీషనర్ ఇన్ క్రిటికల్ కేర్’. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ రూపొందించిన రెండేళ్ల పీజీ రెసిడెన్సీ ఇది. బీఎస్సీ నర్సింగ్ తర్వాత కనీసం ఏడాది క్లినికల్ అనుభవం ఉండాలి. ఐసీయూ రోగుల సంరక్షణలో లోతైన శిక్షణ దొరుకుతుంది. క్రిటికల్ కేర్, ఆపరేషన్ రూమ్ నర్సింగ్‌లో ఏడాది పోస్ట్ బేసిక్ డిప్లొమాలూ ఉన్నాయి.

ఎయిమ్స్‌లలో నర్సింగ్ ఆఫీసర్ పోస్టులను నార్‌సెట్ పరీక్షతో భర్తీ చేస్తున్నారు. ఏడో వేతన సంఘం ప్రకారం మూలవేతనం 44,900 రూపాయలతో మొదలవుతుంది. అలవెన్సులు అదనం. మంగళగిరి, బీబీనగర్‌లలో ఎయిమ్స్ ఉండటం మనవారికి కలిసొచ్చే విషయం.

ఇతర దేశాల్లో ఎలా ఉంది?

స్వీడన్‌లో నర్సింగ్ డిగ్రీ తర్వాత ఏడాది స్పెషలైజేషన్‌తో, ఫ్రాన్స్‌లో రెండేళ్ల ప్రత్యేక చదువుతో నర్స్ అనస్థటిస్ట్ కావచ్చు. అయితే ఆ దేశ భాషలో చదవాలి, ఆ దేశపు నర్సు గుర్తింపు ఉండాలి.

బ్రిటన్‌లో నర్స్ అనస్థటిస్ట్ హోదా లేదు. దగ్గరగా ఉండే ‘అనస్థీషియా అసోసియేట్’లను 2024 డిసెంబరు నుంచి జనరల్ మెడికల్ కౌన్సిల్ నియంత్రణలోకి తెచ్చారు. వారు డాక్టర్ పర్యవేక్షణలోనే పనిచేస్తారు.

జర్మనీలో మత్తు ఇచ్చేది డాక్టరే. నర్సులు ఐసీయూ, అనస్థీషియా నర్సింగ్‌లో రెండేళ్ల ప్రత్యేక శిక్షణ పొంది సహాయకులుగా పనిచేస్తారు. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ నర్సులకు భాష నేర్పించి జర్మనీ పంపే కార్యక్రమాలు నడుపుతోంది. అమెరికా వరుసలో ఏళ్ల తరబడి నిలబడలేనివారికి ఇది పరిశీలించదగ్గ దారి.

బీఎస్సీ అనస్థీషియాలో ఇప్పటికే చేరినవారు ఏం చేయాలి?

కంగారు పడనక్కర్లేదు. అది పనికిరాని కోర్సు కాదు, వేరే ఉద్యోగానికి కోర్సు. ఆపరేషన్లు జరిగే ప్రతి ఆసుపత్రికీ అనస్థీషియా టెక్నాలజిస్టులు కావాలి. 2021లో వచ్చిన జాతీయ అలైడ్ అండ్ హెల్త్‌కేర్ ప్రొఫెషన్స్ కమిషన్ చట్టం ఈ వృత్తికి గుర్తింపు ఇచ్చింది. గల్ఫ్ దేశాల్లోనూ ఈ కొలువులున్నాయి. సర్టిఫికెట్ల తనిఖీ, ఆ దేశపు లైసెన్సు పరీక్ష పూర్తిచేయాలి.

అమెరికాలో నర్స్ అనస్థటిస్ట్ కావాలన్నదే లక్ష్యమైతే మాత్రం వీరు మళ్లీ నర్సింగ్ డిగ్రీ చేయాల్సిందే. పక్కదారి లేదు. మొదటి ఏడాదిలో ఉన్నవారు ఇది ఇప్పుడే తేల్చుకోవడం మంచిది.

డబ్బు కట్టే ముందు...

కాలేజీనైనా, కన్సల్టెన్సీనైనా ఈ ప్రశ్నలు అడగండి. సమాధానాలు కాగితం మీద తీసుకోండి.

• ఈ డిగ్రీతో రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్టర్డ్ నర్సుగా నమోదు అవుతానా? జవాబు ‘కాదు’ అయితే, లేదా మాట దాటవేస్తే, సీఆర్‌ఎన్‌ఏ మాట అక్కడితో వదిలేయండి.

• కాలేజీకి ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్, రాష్ట్ర కౌన్సిల్ గుర్తింపు ఈ ఏడాదికి ఉందా? వారి వెబ్‌సైట్లలో మీరే చూసుకోండి.

• కాలేజీకి అనుబంధంగా ఎన్ని పడకల ఆసుపత్రి ఉంది? అందులో ఐసీయూ ఉందా? ఒకసారి వెళ్లి చూడండి. క్లినికల్ శిక్షణ కాగితాలకే పరిమితమైతే విదేశీ మదింపులో చిక్కులొస్తాయి.

• విదేశాలకు పంపుతామనే ఏజెంట్‌కు విదేశాంగ శాఖ రిజిస్ట్రేషన్ ఉందా? ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో పేరు వెతకవచ్చు. రిజిస్టర్డ్ ఏజెంట్ సేవా రుసుముగా తీసుకోదగ్గ గరిష్ఠ మొత్తం 30 వేల రూపాయలు, దానిపై జీఎస్టీ. లక్షలు అడిగితే అనుమానించాలి.

• ఉద్యోగ ఒప్పందంలో ఎన్నేళ్ల బాండ్ ఉంది? మధ్యలో మానేస్తే ఎంత కట్టాలి? అమెరికా స్టాఫింగ్ సంస్థల ఒప్పందాలు రెండు మూడేళ్లకు ఉంటాయి. ఆ గడువు తీరకుండా అనస్థీషియా ప్రోగ్రాంలో చేరడం కష్టం.

చివరగా ఒక మాట. నర్సింగ్ అంటే ఇష్టం ఉండి, ఐసీయూలో రాత్రుళ్లు నిలబడగలిగి, తర్వాత ఏ దేశం, ఏ స్పెషలైజేషన్ అన్నది చూద్దామనుకునేవారికి బీఎస్సీ నర్సింగ్ చాలా తలుపులు తెరుస్తుంది. నర్స్ అనస్థటిస్ట్ వాటిలో ఒకటి. ఆ ఒక్క తలుపు తెరుచుకోకపోయినా మిగతావి ఉంటాయి. నర్సు పని ఇష్టం లేకపోయినా 1.9 కోట్ల అంకెను చూసి చేరదామనుకుంటే, ఆ అంకెకు ముందు పదేళ్లకు పైగా నర్సుగానే పనిచేయాల్సి రావచ్చన్న సంగతి ఇంట్లో అందరూ కూర్చుని మాట్లాడుకున్నాకే ఫీజు కట్టండి.